మాయాబేరం తెలుగులో కుదరాలంటే

సంపాదకులకు నమస్కారం.

మాయలోకపు రాజుతో బేరం పెట్టుకున్న అమ్మాయి చివరికి అతనితోనే ప్రేమలో పడే నవలలు ‘రొమాంటసీ’ పేరుతో పుస్తకాల షాపుల్లో ముందు బల్ల ఎక్కి కూర్చున్నాయి. వాటి మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ‘మంచుకోటలూ ఫెయిరీలూ మనవి కావు, అందుకే తెలుగులో అతకవు’ అని తేల్చేసింది. చాలావరకు అతకడం లేదన్న మాట నిజమే. కారణం మాత్రం వేరు. మంచు మనకేమీ కొత్త కాదు. పెద్దన ప్రవరుడి పాదలేపం కరిగింది హిమాలయం మంచులోనే కదా. అతకనిది బేరం. ఇలాంటి నవలలను అనువదించేవాళ్లకూ దిద్దేవాళ్లకూ రాతప్రతి తరవాత రాతప్రతిలో తగిలే లోపం ఇదే. మీ యువ రచయితలకు పనికొస్తుందేమోనని కాస్త వివరంగా రాస్తున్నాం.

కథ మొదలుపెట్టకముందే ఐదు సంగతులు కాగితం మీద ఉండాలి: ఏం ఇస్తున్నారు, ఏం పుచ్చుకుంటున్నారు, గడువెంత, చేయకూడని పనేమిటి, మాట తప్పితే ఏమవుతుంది. డెన్మార్క్ రచయిత ఆండర్సన్ 1837లో ప్రచురించిన జలకన్య కథ చూడండి. మంత్రగత్తె ఇంట్లో ఒక్క సన్నివేశంలో ఇవన్నీ తేలిపోతాయి. కాళ్లు వస్తాయి, గొంతు పోతుంది. వేసే ప్రతి అడుగూ కత్తుల మీద వేసినట్టుంటుంది. మళ్లీ సముద్రంలోకి పోవడానికి లేదు. రాకుమారుడు మరొకరిని పెళ్లాడితే ఆ మర్నాటి తెల్లారుజామున ఆమె నురగైపోతుంది. ఇక్కడ పనితనం ధర ఎంచుకోవడంలో ఉంది. రాకుమారుడి మనసు గెలవడానికి ఆమెకు ఏది కావాలో, సరిగ్గా దాన్నే మంత్రగత్తె తీసేసుకుంది. ఆయుష్షులో పదేళ్లో, నెత్తురు గిన్నెడో అడిగి ఉంటే కథ అక్కడే చచ్చేది.

మన రాతప్రతుల్లో ఎక్కువగా కనిపించే ధర ‘ఒక జ్ఞాపకం’. వినడానికి బాగుంటుంది. మూడో అధ్యాయంలో నాయిక అమ్మ గురించిన జ్ఞాపకం ఇచ్చేస్తుంది, ఇరవయ్యో అధ్యాయంలో రచయితే ఆ సంగతి మరిచిపోయి ఆమె చేత ‘అమ్మ చేతి పప్పుచారు’ తలపింపజేస్తాడు. జ్ఞాపకాన్ని ధరగా పెట్టేటప్పుడు మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోవాలి. పోయేది ఏ రోజు జ్ఞాపకం? ఆ రోజు పక్కన ఇంకెవరున్నారు? వాళ్లు దాన్ని ఎత్తినప్పుడు నాయిక మొహం ఎలా ఉంటుంది? మూడోదానికి జవాబుగా ఒక సన్నివేశం నవలలో ఉండి తీరాలి. లేకపోతే ధర చెల్లించినట్టు పాఠకుడికి తెలియదు.

ఇక బేరంలో కంత, అంటే తప్పించుకునే సందు. దీనికి కొలబద్ద కావాలంటే వ్యాస భారతం వనపర్వంలో సావిత్రీ యముల సంభాషణను వరం తరవాత వరంగా విప్పి చూడాలి. మామగారి చూపు, ఆయన పోగొట్టుకున్న రాజ్యం, తండ్రికి నూరుగురు కొడుకులు, తనకూ సత్యవంతుడికీ నూరుగురు కొడుకులు. ఈ నాలుగు సార్లూ యముడు ‘సత్యవంతుడి ప్రాణం తప్ప’ అన్న మినహాయింపు చెప్పే వరమిస్తాడు. ఐదోసారి ‘సాటిలేని వరం కోరుకో’ అంటాడు, మినహాయింపు జారిపోతుంది. సావిత్రి దాన్ని పట్టుకుంటుంది. గతంలో పెట్టిన మినహాయింపు ఈసారి పెట్టలేదని ఆయనకే గుర్తుచేసి, భర్త ప్రాణం అడుగుతుంది. పైగా నాలుగో వరం భర్త లేకుండా నెరవేరేది కాదు. అంటే యముడు ఇచ్చిన మాట నిలబడాలన్నా సత్యవంతుడు బతకాలి. మనలో చాలామంది మూడు వరాల సంక్షిప్త కథే వింటూ పెరిగారు. అందులో ఈ మెలిక సగం పోయి, సావిత్రి గడుసుదన్న ముక్క ఒక్కటే మిగిలింది.

కంత పెట్టడంలో పద్ధతి ఇదే. అది బేరం మాటల్లో మొదటి రోజు నుంచీ పాఠకుడి కళ్లముందే ఉండాలి, అయినా కనపడకూడదు. ముప్పయ్యో అధ్యాయంలో తాతగారి పెట్టెలోంచి తాళపత్రం బయటపడి ‘ఈ ఒడంబడికకు విరుగుడు ఉంది’ అంటే అది మోసం. పాఠకులు ఇలాంటిది ఒకసారి క్షమిస్తారు, రెండోసారి పుస్తకం మూసేస్తారు.

కంతలకు మన పంచాంగం ఒక గని. పడమటి నవలల్లో గడువు ‘అర్ధరాత్రి పన్నెండు గంటలు’, లేదా ‘ఏడాది మీద ఒక రోజు’. తెలుగులో తిథి పెట్టండి. తిథి నిడివి దాదాపు 20 గంటల నుంచి 26 గంటల దాకా మారుతుంది. మధ్యాహ్నం మొదలై మర్నాడు ముగియగలదు. ‘అమావాస్య నాడు’ అంటే సూర్యోదయానికి అమావాస్య ఉన్న రోజా, అమావాస్య ఘడియలు నడిచే సమయమా? మాయలోకపు రాజు ఒకటనుకుంటాడు, నాయిక మరొకటి పట్టుకుంటుంది. అధికమాసం ఇంకా గొప్పది. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది, అధికం ఒకటి, నిజం ఒకటి. ‘వచ్చే శ్రావణ పౌర్ణమికి నువ్వు నా కొలువుకు రావాలి’ అని ఆ ముందేడు రాయించుకున్న రాజుకు ఏ పౌర్ణమి చెల్లుతుంది? ఇది తమాషాకు అంటున్నది కాదు. విరాటపర్వంలో పాండవుల గడువు నిండకముందే అర్జునుడు బయటపడ్డాడని దుర్యోధనుడు పట్టుబడితే, భీష్ముడు ఐదేళ్లకు రెండేసి అధికమాసాలు లెక్కవేసి, పదమూడేళ్ల మీద ఐదు నెలల పన్నెండు రాత్రులు ఎక్కువే గడిచాయని తేల్చాడు. గడువు లెక్క మీద ఒక యుద్ధమే ఆధారపడి ఉన్న సాహిత్యం మనది. అలాంటి భాషలో రాసే నవలకు అరువు తెచ్చుకున్న అర్ధరాత్రి గంటలెందుకు?

నిషేధం పెట్టే బేరాలు ప్రేమకథకు ఇంకా దగ్గర. గంగ శంతనుడికి పెట్టింది ఒక్కటే: నేనేం చేసినా అడ్డుచెప్పకూడదు, పరుషంగా మాట్లాడకూడదు. ఏడుగురు బిడ్డలు నీళ్లపాలవుతుండగా అతను నోరు మూసుకున్నాడు, ఎనిమిదోసారి తెరిచాడు. ఒక్కో బిడ్డతో ధర పెరుగుతూ పోవడం ఇందులోని నిర్మాణం. వసువుల శాపమన్న అసలు కారణం మాట తప్పిన తరవాతే బయటికొస్తుంది. ఊర్వశి పురూరవుడికి పెట్టిన షరతులు చూడటానికి చిన్నవి. మంచానికి కట్టిన గొర్రెపిల్లలు రెండూ భద్రంగా ఉండాలి, అతను బట్టలు లేకుండా ఆమె కంట పడకూడదు. గంధర్వులు రాత్రివేళ పిల్లల్ని ఎత్తుకుపోయారు, అతను ఉన్నపళంగా లేచి పరుగెత్తాడు, వాళ్లు మెరుపు మెరిపించారు. ఒక షరతును కాపాడబోతే రెండోది తెగింది. బేరంతో సంబంధం లేని మూడోవాడు ఆ షరతుల్ని చదివి ఆయుధంగా వాడుకున్నాడు. ప్రతినాయకుడికి కత్తి ఇవ్వడం కంటే ఒడంబడిక నకలు ఇవ్వడం మేలని కొత్త రచయితలకు చెప్పేది అందుకే.

ఇంగ్లీషు నవలలు ఎక్కువగా తవ్వుకునే ఊట స్కాట్లండ్ జానపద గేయం టామ్ లిన్. అందులో ఫెయిరీలు ఏడేళ్లకోసారి నరకానికి కప్పం కట్టాలి, ఈసారి తననే కడతారేమోనని వాళ్ల చెరలో ఉన్న మనిషి టామ్ లిన్ భయం. హాలోవీన్ రాత్రి వాళ్ల ఊరేగింపు వస్తుంది. అతని ప్రియురాలు జానెట్ నల్లగుర్రాన్ని పోనివ్వాలి, గోధుమరంగు గుర్రాన్ని పోనివ్వాలి, పాలతెల్ల గుర్రం మీదివాణ్ని కిందికి లాగాలి. అతను ఆమె చేతుల్లోనే పామవుతాడు, ఎలుగుబంటి, సింహం, కాలిన ఇనుపకడ్డీ, చివరికి నిప్పుకణిక అవుతాడు. వదలకూడదు. కణికైన వెంటనే బావినీళ్లలో వేయాలి, మనిషిగా బయటికొచ్చినవాడికి తన ఆకుపచ్చ శాలువా కప్పాలి. ఆమె ప్రేమించిందని పాటలో ఎక్కడా ఉపన్యాసం ఉండదు, పట్టుకుంది, అంతే. మన రాతప్రతుల్లో ఈ ఘట్టానికి సమానమైన చోట నాయిక ఏడ్చి ‘నా ప్రేమే నిన్ను విడిపిస్తుంది’ అంటుంది, సంకెళ్లు ఊడిపోతాయి. ఆ సంకెళ్లు ఎందుకు ఊడాయో రచయితను అడిగితే చెప్పలేరు.

ఇప్పుడు భాష. అసలు చిక్కు ఇక్కడే ఉంది, అసలు సంపదా ఇక్కడే ఉంది. ఇంగ్లీషు ‘బార్గెయిన్’కు అనువాదకులు మొదట రాసేది ‘ఒప్పందం’. అది రెండు ప్రభుత్వాల మధ్య సంతకం వాసన వేస్తుంది. ‘బేరం’ అంటే వంకాయల దగ్గరికి పోతుంది, అయినా సంతలో మాయసరుకు అమ్మే పాత్ర నోట్లో చక్కగా ఉంటుంది. కొలువులో రాజు ‘ఒడంబడిక’ అనాలి, నాయిక ‘మాట’ అనాలి. ఒకే సంగతికి ఇద్దరు రెండు పదాలు వాడుతున్నారంటే ఇద్దరూ దాన్ని ఒకేలా అర్థం చేసుకోలేదని పాఠకుడు పసిగడతాడు. ఎవరూ తొంగిచూడని పదం ఇంకొకటుంది, మొక్కు. ముందు కోరిక తీరాలి, తరవాత ధర చెల్లించాలి. పసుపుగుడ్డలో ముడుపు కట్టడం బయానా. తలనీలాలు ఒంటిలోంచి తీసి ఇచ్చే ధర. నిలువుదోపిడి అంటే ఆ క్షణాన ఒంటి మీదున్న నగలన్నీ. మేడారంలో మనిషి ఎత్తు బెల్లం తూచి దాన్ని బంగారమనే పిలుస్తారు. ఈ నాలుగింటిలో ఒక్కటి చాలు నవల నడపడానికి. నిలువుదోపిడి మొక్కుకున్న పిల్ల, ఆ రోజు తన మెళ్లో వేరేవాళ్ల తాళిబొట్టు దాచి ఉందని మరిచిపోతే?

అసలు తెలుగునేల మీద అందరికీ తెలిసిన మాయాబేరపు ప్రేమకథ తిరుమల స్థలపురాణమే. ఆకాశరాజు కూతురు పద్మావతిని పెళ్లాడటానికి శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర అప్పు చేశాడు. పత్రం ఉంది, సాక్షులున్నారు, వడ్డీ ఉంది, గడువు కలియుగాంతం. ఆ వడ్డీ ఇప్పటికీ హుండీలో జమవుతోందని నమ్మే జనానికి ఈ తరహా కథలు పరాయివని ఎలా అంటాం?

కొన్ని నియమాలు తెలుగులోకి నేరుగా రావు, మార్చుకోవాలి. ఫెయిరీలకు ‘థాంక్యూ’ చెప్పకూడదన్నది అక్కడి కథల్లో వాడుక, చెబితే బాకీ ఒప్పుకున్నట్టు. దాన్ని ‘కృతజ్ఞతలు చెప్పకు’ అని అనువదిస్తే తెలుగు పాఠకుడికి ఏమీ కాదు. మనం ఇంట్లో ఎవరికీ కృతజ్ఞతలు చెప్పుకోం కదా. కానీ ‘నీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను’ అని నోరారా అనేస్తాం. యక్షుడి ముందు ఆ మాట అంటే ఏమిటి? బాకీ ఉంది, తీర్చలేను, వచ్చే జన్మ కూడా తాకట్టు, అని మూడూ ఒప్పుకున్నట్టే. అలాగే పాతాళంలో దానిమ్మగింజలు తిన్న గ్రీకు పెర్సెఫనీ ప్రతి ఏడూ కొన్ని నెలలు అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. మనకు గింజల లెక్క అక్కర్లేదు, ఉప్పు ఉంది. ఉప్పు తిన్న ఇంటికి కట్టుబడాలన్నది పసిపిల్లలకూ తెలుసు. మాయకొలువులో నాయిక పాలు, పండ్లు, చప్పిడి అన్నంతో నెట్టుకొస్తుంది. రచయిత ఆమె ఏ అధ్యాయంలో ఏం తిన్నదో విడిగా పట్టీ రాసుకోవాలి. ‘వేడి వేడి ఉప్మా’ అని పొరపాటున ఒక్కచోట పడిందా, కథ మొత్తం కూలుతుంది. లొంగదీయాలనుకున్న రాజు ఏం పంపుతాడో చెప్పక్కర్లేదు, జాడీలో కొత్తావకాయ.

అసలు పేరు సంగతీ అంతే. 1812లో గ్రిమ్ సోదరులు అచ్చువేసిన కథలో గడ్డిని బంగారంగా వడికిన మరుగుజ్జు, రాణి తన పేరు మూడు రోజుల్లో కనుక్కుంటే బిడ్డను వదిలేస్తానంటాడు. జర్మన్ మరుగుజ్జుకు ఒకే పేరు. మన నాయికకు బారసాలలో బియ్యంలో రాసిన పేరొకటి, జన్మనక్షత్రం పేరొకటి, అమ్మమ్మ ముద్దుపేరొకటి, పదో తరగతి సర్టిఫికెట్‌లో అచ్చుతప్పుతో సహా స్థిరపడిపోయిన పేరొకటి. ఏ పేరు మీద ఒడంబడిక రాసుకున్నారో స్పష్టంగా ఉండాలి. ఈ ఒక్క సంగతి మీదే ఒక కొత్త నవల రాయొచ్చు, ఎవరూ ఎందుకు రాయలేదో తెలియదు.

సర్వనామాలు అనువాదంలో అన్నిటికంటే ఎక్కువ దెబ్బతింటాయి. ఇంగ్లీషు ‘యూ’ ఒక్కటే. తెలుగులో మాయలోకపు రాజు మొదటి నుంచీ ‘నువ్వు’ అంటాడు, నాయిక ‘మీరు’ అంటుంది. ఆమె ‘నువ్వు’లోకి ఎప్పుడు దిగుతుందన్నదే ప్రేమకథలో పెద్ద మలుపు, మొదటి ముద్దు కంటే కూడా. అనువాదకులు దీన్ని ముందే నిర్ణయించుకోక, తొమ్మిదో అధ్యాయంలో కోపంలో ‘నువ్వు’, పదో అధ్యాయంలో మళ్లీ ‘మీరు’ రాసేస్తారు. కోపంలో జారిన ‘నువ్వు’ చాలా విలువైనది, దాన్ని ఒక్కసారే ఖర్చుపెట్టాలి. కథనంలో అతన్ని ‘ఆయన’ అంటే మేష్టారైపోతాడు, ‘వాడు’ అంటే రాక్షసుడవుతాడు, ‘అతను’ దగ్గర ఆగాలి. పెద్దవాళ్లనైనా చనువుగా ‘నువ్వు’ అనే తెలంగాణ ఇళ్ల మాటలో రాసేవాళ్లు ఈ మలుపును పిలుపు మీదికి మార్చుకోవచ్చు, అంటే ఆమె అతన్ని మొదటిసారి పేరు పెట్టి పిలిచే చోటికి.

మైనరు పిల్లను వందల ఏళ్ల అమరుడికి కట్టబెట్టడం తగదని మీ వ్యాసం లేవనెత్తిన అభ్యంతరం మాత్రం న్యాయమైనది. దాన్ని తోసిపుచ్చడం లేదు. పదిహేడేళ్ల పిల్లకీ మూడొందల ఏళ్ల అమరుడికీ మధ్య కుదిరిన బేరం సమాన బేరం కాదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హతే లేదు. అలాంటి ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లో, అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రివీ కౌన్సిల్ మొహరీ బీబీ కేసులో తేల్చింది. 14వ సెక్షన్ అడిగే స్వేచ్ఛాయుత సమ్మతి బలవంతం వల్లా, అనుచిత ప్రభావం వల్లా, మోసం వల్లా దెబ్బతింటుంది. ఈ మూడూ ఇలాంటి నవలల్లో సగం చోట్ల నాయకుడి గుణగణాలుగా చలామణీ అవుతున్నాయి! ప్రవరుడి వేషంలో వచ్చిన గంధర్వుడు కళ్లు మూసుకోవాలని వరూధినికి షరతు పెట్టాడు. ఆ షరతే మోసానికి మూత. పెద్దన అతన్ని ఆదర్శ ప్రేమికుడిగా నిలబెట్టలేదు. మన రచయితలు చేయగలిగిన పని ఇది: నాయికకు 18 నిండాకే బేరం కుదర్చండి. లేదా, చిన్నప్పుడు చేసిన బేరం చెల్లదని ఆమే పెద్దయ్యాక నిలదీసే కథ రాయండి. బేరం నడుస్తున్నంత కాలం అతను ప్రేమ అడగకూడదు. బాకీ తీరిపోయి, ఆమె వెళ్లిపోవడానికి తలుపు తెరిచి ఉన్న తరవాత ఆమె ఉండిపోతే అప్పుడది ప్రేమ అవుతుందో లేదో పాఠకులు చూసుకుంటారు.

మీ అనుబంధంలో ఇలాంటి నవలను సీరియల్‌గా వేయాలని సంకల్పిస్తే కొన్ని కొలతలు. వారానికి 1,500 మాటల చొప్పున 24 వారాలంటే 36,000 మాటలు. ఇంత చోటులో ఒకే బేరం పడుతుంది. రెండు పెడితే రెండూ పలచబడతాయి. మూడో వారం ముగిసేలోగా ఒడంబడిక జరిగిపోవాలి, ఎనిమిదో వారానికి మొదటి ధర చేతులు మారాలి, పద్దెనిమిదికి మాట తప్పాలి. ఒడంబడిక పాఠం 40 మాటలు దాటకూడదు, దాటితే పాఠకుడికి గుర్తుండదు. ఆరేసి వారాలకోసారి దాన్ని అక్షరం మారకుండా మళ్లీ అచ్చువేయండి. సీరియళ్లలో జరిగే తప్పు ఇక్కడే: నాలుగో భాగంలో ‘పౌర్ణమి లోపు’ అని ఉన్నది పదకొండో భాగానికి ‘పౌర్ణమి నాడు’ అయిపోతుంది. రచయితా గమనించరు, దిద్దేవారూ గమనించరు. ఏ ఇంటర్ చదివే పిల్లో ఉత్తరం రాసి అడుగుతుంది.

ఒక విన్నపం. ఈ తరహా రాతప్రతులు ఆహ్వానించేటప్పుడు కథాసంగ్రహంతో పాటు ఒడంబడిక పాఠాన్ని వేరే కాగితం మీద పంపమనండి: ఇచ్చేది, పుచ్చుకునేది, గడువు, నిషేధం, తప్పితే పడే శిక్ష, ఎవరి ఏ పేరు మీద రాసుకున్నది. ముందు ఆ కాగితం చదివి, తరవాత నవల తెరవండి.

ఇట్లు,
యువ నవలల అనువాదకులు, సంపాదకులు
విజయవాడ